ఓన్సే అంటే పదకొండు

ముప్ఫై మాత్రల సీసా కౌంటర్ మీద పెట్టి ఆయన రెండు చేతుల వేళ్లూ చాపారు. మూసి, ఇంకొక్క వేలు చూపించారు. పది, ఒకటి. ఏదో పదకొండు అంటున్నారని తెలుస్తోంది గానీ, ఏమిటా పదకొండు?

సీసా లేబుల్ మీద రోజుకొకసారి వేసుకోమని ఇంగ్లీషులో ఉంది. ఒకసారి అనడానికి వాడే 'వన్స్' అనే మాటను అవే అక్షరాలతో స్పానిష్‌లో చదివితే 'ఓన్సే' అవుతుంది. ఓన్సే అంటే పదకొండు. బీపీ మాత్ర, రోజుకు పదకొండు! అలా అయితే ముప్ఫై మాత్రలు మూడు రోజులకు కూడా రావు కదా, మిగతావి ఇవ్వమని వచ్చారాయన. ఇంకా ఒక్కటీ వేసుకోలేదు. పదకొండేమిటి, నీకేమన్నా మతిపోయిందా అని భార్య ఆపి, వెంటబెట్టుకుని తీసుకొచ్చిందట. ఈ 'అట'లన్నీ తర్వాత మా టెక్నీషియన్ చెబితే తెలిసినవి. ఆ సమయానికి ఆ పిల్ల భోజనానికి వెళ్లింది. దుభాషి కోసం ఫోన్ చేస్తే అవతల సంగీతం వస్తోంది, మనిషి రావడం లేదు. వెనక ఆరుగురు నిలబడి ఉన్నారు.

నేను ఒక వేలు ఎత్తాను. ఒకటి అనే మాట కూడా రాదు నాకు. ఆయన నా వేలు చూసి తన వేలు ఎత్తారు. అలా ఇద్దరం వేళ్లెత్తి కాసేపు నిలబడ్డాం.

అది 2018. నాకప్పుడు ముప్ఫై తొమ్మిదేళ్లు. టెక్సాస్‌లో ఫార్మసిస్టు లైసెన్సు వచ్చి తొమ్మిదేళ్లయింది. (మందులకొచ్చిన వాళ్ల గురించి గుర్తుపట్టే వీల్లేకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. మాటలు మాత్రం మార్చలేదు.)

అంతకు ముందు డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉండేవాళ్లం. అక్కడ మందుల కౌంటర్ దగ్గర కూడా "పరగడుపునా అమ్మా, తిన్నాకా?" అని అడిగేవాళ్లు తగిలేవారు. మా ఆయన ఉద్యోగం మారి మెకాలెన్ వచ్చాం. డాలస్ నుంచి దక్షిణంగా కారులో ఎనిమిది గంటలు. రియో గ్రాండే నదికి ఇవతల మేము, అవతల మెక్సికో వాళ్ల రేనోసా. మా హిడాల్గో కౌంటీలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా హిస్పానిక్‌లే. నా చామనచాయ మొహం, జడ చూసి మాలో మనిషే అనుకుని గడగడా మొదలుపెట్టేవారు. రాదని తల ఊపితే వాళ్ల మొహం మారిపోయేది. తెల్లవాళ్లకు రాకపోతే తప్పు లేదు. నాకు రాకపోతే మాత్రం వచ్చీ మాట్లాడని పొగరుబోతునని అనుకునేవారు. మా ఊళ్లో అమెరికా నుంచి వచ్చిన పిల్లలు తెలుగు రాదంటే మనం చూసే చూపు అది. ఆ చూపు నేనే ఎన్నిసార్లు చూశానో.

దగ్గర్లోని కాలేజీలో సాయంత్రం క్లాసులో చేరాను. మంగళవారం, గురువారం, రెండేసి గంటలు. కోర్సు పేరే 'ఇంగ్లీషు మాట్లాడేవారికి స్పానిష్'. దరఖాస్తులో 'మీ మొదటి భాష' అని ఒక గడి ఉంది. ఇంగ్లీషు అని రాశాను. అబద్ధమే. కానీ రాస్తున్నప్పుడు లోపల కొంచెం గర్వపడిన మాట కూడా నిజం. అద్దంకి దగ్గర పల్లెలో పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్‌లో ఫిజిక్స్ లెక్చరరు బోర్డు మీద ఏం రాస్తున్నాడో తెలియక హాస్టల్ బాత్రూంలో ఏడ్చేదాన్ని. అమెరికా వచ్చాక ఫోన్ ఎత్తాలంటే ముందు కాగితం మీద రాసుకుని ఎత్తేదాన్ని. ఆ భయం పోవడానికి పదిహేనేళ్లు పట్టింది. ఇంక భాష దగ్గర ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదనుకున్నాను. మళ్లీ నిలబడాల్సి వచ్చింది.

మొదటి రోజే టీచర్ ధైర్యం చెప్పింది. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పిస్తుంది. ఇంగ్లీషు వాళ్లకు ఏ భాషకు ఎంతకాలం పడుతుందో వాళ్ల దగ్గర ఒక జాబితా ఉంది. అందులో స్పానిష్ అన్నిటికంటే తేలికైన వరసలోది, ముప్ఫై వారాలు చాలట. ఇంటికెళ్లి ఆ జాబితా వెతికాను. తెలుగు కూడా ఉంది అందులో, కష్టమైన భాషల వరసలో. 44 వారాలు, 1100 గంటలు. ఎందుకో సంతోషం వేసింది. మర్నాడు మా ఆయనకు చెబితే, "అయితే నీకు పుట్టుకతోనే 1100 గంటలు మిగిలాయన్నమాట, అవి ఖర్చు పెట్టు" అన్నాడు. ముప్ఫై వారాలంటే రోజంతా అదే పనిగా, జీతం తీసుకుంటూ కూర్చుని నేర్చుకునేవాళ్లకు. పది గంటలు కౌంటర్ దగ్గర నిలబడి, కూర వండి వెళ్లేవాళ్లకు కాదు.

క్లాసులో పద్నాలుగు మందిమి. పది మంది ఇరవై దాటనివాళ్లు. క్రియలు నాకు కొత్త కాదు. వస్తాను, వస్తావు, వస్తాడు అని మనకూ ఉన్నాయి. కానీ ఒక్క క్రియకు యాభై దాకా రూపాలు, అందులోనూ వంకర క్రియలు ఎక్కువ రోజూ వాడేవే. ఉప్పు డబ్బా మీద 'సాల్' అని, పసుపు డబ్బా మీద 'కూర్కుమా' అని కాగితాలు అంటించాను. చింతపండు డబ్బా మీద 'తమరిందో'. కారులో పాఠాలు పెట్టుకుని హైవే మీద ఒక్కదాన్నే పెద్దగా అప్పజెప్పేదాన్ని. పక్క కారువాళ్లు నేనెవరితోనో పోట్లాడుతున్నాననుకుని ఉంటారు.

నేర్చుకోవడం కష్టమన్నది తెలిసిందే. దాంట్లో వింత లేదు. నాకు తెలియంది, అది మనిషిని ఎంత పొట్టి చేసేస్తుందో. ఇంగ్లీషులో నేను జోకు వెయ్యగలను, డాక్టరుకు ఫోన్ చేసి ఈ రెండు మందులూ కలిపి ఇవ్వకూడదని వాదించగలను. స్పానిష్‌లో నాకు కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు, నిన్న లేదు, రేపు లేదు. "నేను మందు ఇస్తాను. మీరు డబ్బు ఇస్తారు. మంచి రోజు." ముప్ఫై తొమ్మిదేళ్ల మనిషిని మూడేళ్ల పిల్లలా మాట్లాడుతుంటే అవతలివాళ్లు కూడా మూడేళ్ల పిల్లతో మాట్లాడినట్టే, గొంతు పెంచి, బుగ్గ గిల్లేలా మాట్లాడేవారు.

దానికి తోడు హిందీ. నాకు హిందీ సరిగా రాదు, టెన్త్‌లో ముప్ఫై ఆరు మార్కులు. ఇరవయ్యేళ్లుగా ఎక్కడ దాక్కుందో తెలియదు. స్పానిష్ మాట కోసం తడుముకోగానే పరిగెత్తుకొచ్చేది. 'కానీ' అనడానికి 'పేరో' అనాలి. నా నోట్లోంచి 'లేకిన్' వచ్చేది. ఒక పెద్దాయన అరనిమిషం ఆలోచించి, మా టెక్నీషియన్‌ను పక్కకు పిలిచి, లేకిన్ అంటే కొత్త మందా అని అడిగాడట.

మా అమ్మాయికి పదమూడేళ్లు. బడిలో ఆరునెలల్లో పట్టేసింది. కూరగాయల షాపులో నేను నోరు తెరవబోతే చెయ్యి పట్టుకునేది. "అమ్మా, ప్లీజ్, నువ్వు మాట్లాడకు. నేను అడుగుతా." ఇంటర్ చదివేటప్పుడు బ్యాంకులో మా నాన్నను నేను అచ్చం అలాగే ఆపాను. ఆయన ఫారం నా చేతికిచ్చి పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. ఆ నిలబడ్డ తీరు ఇన్నేళ్లకు గుర్తొచ్చింది.

సిగ్గుపడుతున్నాననబోయి 'ఎంబరసాదా' అని, కడుపుతో ఉన్నానని చెప్పుకున్నవాళ్లు ప్రతి క్లాసులోనూ ఉంటారు. మా క్లాసులో ఆ వంతు నాది కాదు, అదొక్కటే మిగిలింది. అలాంటి పోలిక మాటల గురించి చెబుతూ టీచర్ ఒకరోజు ఫ్లోరిడాలో 1980లో జరిగిన సంగతి చెప్పింది. పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ని స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి తెచ్చారు. తిన్నదేదో వికటించిందన్న అర్థంలో ఇంట్లోవాళ్లు 'ఇంతోక్సికాదో' అన్నారు. డాక్టర్లు దాన్ని ఇంగ్లీషు మాటగా విని మత్తుమందు ఎక్కువైందనుకున్నారు. నిజానికి మెదడులో రక్తస్రావం. తెలిసేసరికి ఆలస్యమైంది, కాళ్లూ చేతులూ పడిపోయాయి. క్లాసంతా అయ్యో అంది. నేను అనలేదు. వింటున్నప్పుడు నా కడుపులో ఏదో తిరిగింది. ఆ పని నా చేతుల్లో ఉన్న పనే కదా.

2019 అక్టోబరులో నా వంతు వచ్చింది.

మూడేళ్ల మనవడికి చెవి పోటని ఒక నాయనమ్మ వచ్చింది. అమాక్సిసిలిన్. పొడిలో నీళ్లు కలిపి ఊపి ఇస్తాం, గులాబీ రంగు, బబుల్‌గమ్ వాసన. ఐదేసి మిల్లీలీటర్లు, రోజుకు రెండుసార్లు, పది రోజులు. లేబుల్ స్పానిష్‌లోనే కొట్టాను. సూది లేని ప్లాస్టిక్ సిరంజి ఇచ్చి, గీత దాకా లాగి చూపించాను. ఆవిడ సిరంజి పక్కన పెట్టేసింది. వాడు కొరికేస్తాడు, చెంచాతో ఎంతో చెప్పు అంది. టెక్నీషియన్లిద్దరూ డ్రైవ్‌త్రూ దగ్గర ఉన్నారు. ఏడాది నుంచి చదువుతున్నాను, ఈ మాత్రం చెప్పలేనా అనుకున్నాను.

"ఉనా కుచరాదా" అన్నాను. రోజుకు రెండుసార్లు అని కూడా చక్కగా అన్నాను. ఎంత బాగా మాట్లాడుతున్నావు అని ఆవిడ నా చేతి మీద తట్టింది. ఇంటికెళ్లి మా ఆయనకు చెప్పాలనుకున్నాను ఆ మాట.

సాయంత్రం క్లాసు. చిన్నవి అనడానికి మాట చివర 'ఈతో', 'ఈతా' చేరుస్తారన్నది పాఠం. ఇల్లు కాసా, చిట్టి ఇల్లు కసీతా. కుక్క పెర్రో, కుక్కపిల్ల పెర్రీతో. చెంచా దగ్గరికి వచ్చేసరికి నా పెన్ను ఆగిపోయింది. కుచరాదా అంటే పెద్ద చెంచా, పదిహేను మిల్లీలీటర్లు. ఐదు మిల్లీలీటర్ల చిన్న చెంచా కుచరదీతా. తెలియక కాదు. రెండు మాటలూ మా ఫ్రిజ్ మీద పక్కపక్కనే అంటించి ఉన్నాయి. రోజూ పాలు తీసేటప్పుడు చూస్తాను. నోట్లోంచి వచ్చేటప్పుడు ఆ 'ఈత' ఒక్కటి జారిపోయింది. మందు మూడింతలైంది.

పుస్తకం అక్కడే వదిలేసి పార్కింగ్‌లోకి వచ్చాను. షాపుకు ఫోన్ చేసి ఆవిడ నంబరు తీసుకున్నాను. దుభాషిని కలుపుకోవాలన్న సంగతి ఆ క్షణాన తట్టనే లేదు. ఎదురుగా మనిషి ఉంటే చేతులుంటాయి, మొహం ఉంటుంది. ఫోన్‌లో గొంతొక్కటే. నేను తప్పు చెప్పాను అనాలి. 'చెప్పాను' రాలేదు. "నేను తప్పు చెబుతాను, నేను తప్పు చెబుతాను" అంటున్నాను. అవతల "మాందె?" అంటోంది. మెక్సికో పెద్దవాళ్లు ఏమిటమ్మా అనడానికి మర్యాదగా అనే మాట అది. మూడుసార్లు మాందె అంది. వెనక టీవీ, పిల్లాడి ఏడుపు. చివరికి వ్యాకరణం గాలికొదిలేసి "చిన్న చెంచా! చిన్న! చిన్న! పెద్దది కాదు!" అని అరిచాను. నా ముందు నుంచి కారెక్కబోతున్న కుర్రాడెవరో ఆగి చూశాడు.

కొంచెంసేపు ఏమీ వినబడలేదు. తర్వాత అర్థమైందన్నట్టు "ఆయ్" అంది. అప్పటికే రెండు మోతాదులు పట్టేసింది.

డాక్టరుకు ఫోన్ చేశాను. కంగారు లేదు, విరేచనాలవుతాయేమో చూసుకోమనండి, రేపటి నుంచి ఐదు మిల్లీలీటర్లే పట్టమనండి అన్నాడు. ఈసారి టెక్నీషియన్ చేత చెప్పించాను. పిల్లాడికి రెండు రోజులు విరేచనాలయ్యాయి, తగ్గాయి. అదే ఇంకో మందయితే? గుండెకిచ్చే మందో, మూర్ఛకిచ్చేదో అయితే? ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మర్నాడు జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. భాషా పరీక్ష పాసయ్యేదాకా మందుల సంగతి స్పానిష్‌లో చెప్పొద్దు, దుభాషి లైనే వాడాలి అన్నారు. అందులో అన్యాయమేమీ లేదు. ఆ నాయనమ్మ మళ్లీ రాలేదు. వారం తిరక్కుండా వాళ్లింటి మందుల చీటీలన్నీ వేరే షాపుకు మార్పించుకుంది. ఎంత బాగా మాట్లాడుతున్నావు అన్న ఆవిడే.

క్లాసు మానేశాను. ఫ్రిజ్ మీద కాగితాలు పీకేశాను. నాలుగు నెలలు స్పానిష్ ఒక్క ముక్క మాట్లాడలేదు. ఎవరైనా మొదలుపెడితే చెయ్యి ఎత్తి, టెక్నీషియన్ వైపు చూపించేదాన్ని. వాళ్ల మొహాల్లో ఆ పాత చూపు మళ్లీ కనబడేది. కనబడనీ అనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒకామె జిప్ బ్యాగులో గాజుపెంకులు పట్టుకుని వచ్చింది. ఇన్సులిన్ సీసా. నెల మందు. బ్యాగు ఎత్తి చూపిస్తూ "సే మే కయో" అంది. నేను పక్కకు తిరిగి టెక్నీషియన్‌తో, చేతిలోంచి జారి పడిపోయిందట, ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చెయ్యి అన్నాను. ఆ పిల్ల నా వంక చూసింది. మీకు ఆవిడ చెప్పింది అర్థమైందా అంది. నాకూ అప్పుడే తెలిసింది.

ఆ పాఠం మా పుస్తకంలో ఉంది. అనుకోకుండా జరిగే పనుల గురించి రెండు పేజీలు. ఎన్నిసార్లు చదివినా తలకెక్కలేదు. ఎందుకంటే దానికి పక్కన ఇంగ్లీషు వాక్యం ఉండేది: నేను దాన్ని పడేశాను అని. ఇంగ్లీషులో పడేసినా, జారి పడినా మనిషే కర్త. స్పానిష్‌లో సీసా కర్త, అదే పడింది, పాపం నా దగ్గర్నుంచి పడింది. మనకూ అంతే కదా. నేను పడేశాను అంటే కావాలని చేసినట్టు. జారి పడిపోయింది అంటాం. ఆవిడ ఏమందో నేను అనువదించుకోలేదు. అది మా ఇంట్లో మాటలా వినబడింది.

అప్పటిదాకా ప్రతి స్పానిష్ మాటనూ ఇంగ్లీషు గుమ్మంలోంచి లోపలికి తెచ్చుకుంటున్నాను. దరఖాస్తులో అలాగే రాశాను మరి. ఆ రాత్రి పాత పుస్తకం తీసి ఇంగ్లీషు వాక్యాలు కొట్టేసి, పక్కన తెలుగు రాయడం మొదలుపెట్టాను. 'మే దుయేలే లా కబేసా', నాకు తలనొప్పిగా ఉంది. 'మే గుస్తా', నాకు నచ్చుతుంది. నేను ఇష్టపడతాను కాదు, నాకు నచ్చుతుంది. 'తేంగో అసూకర్' అంటే తన దగ్గర పంచదార ఉందని కాదు, షుగరుందని. మా అత్తయ్య చెప్పినట్టే చెబుతారు. పెద్దవాళ్లకు 'ఉస్తేద్', పిల్లలకు 'తూ', అంటే మీరు, నువ్వు. పేరోకూ పెర్రోకూ తేడా పలకలేక క్లాసులో అమెరికన్ కుర్రాళ్లు నాలుక మడతపెట్టి చెమటలు కక్కేవారు, వాళ్లను చూసి నేనూ మడతపెట్టేదాన్ని. గొర్రె అనగలిగినదానికి పెర్రో అనడం ఒక లెక్కా? పిల్లలకు కన్ను తగిలితే వీళ్లు కోడిగుడ్డుతో ఒళ్లంతా తుడుస్తారు. మా అమ్మమ్మ కూడా గుడ్డుతోనే దిష్టి తీసేది. కట్టుబడి పనివాళ్ల పెద్దను వీళ్లు 'మాయెస్త్రో' అంటారు. మన మేస్త్రీ పోర్చుగీసు వాళ్లు వదిలి వెళ్లిన మాట, రెండూ ఒక తల్లి పిల్లలే.

అంతటితో అన్నీ తేలికైపోయాయని కాదు. బల్ల ఆడది, రోజు మగది. చెయ్యి మగదానిలా కనబడుతుంది, ఆడది. నీళ్లు ఆడవే కానీ ముందు మగ గుర్తు వస్తుంది. దీనికి తెలుగు ఏమీ సాయపడదు, ఇవాళ్టికీ తప్పులు చెబుతాను. పరీక్ష మొదటిసారి తప్పాను, 2021లో పాసయ్యాను.

ఉండడం అనే క్రియ స్పానిష్‌లో రెండు: సేర్, ఎస్తార్. ఇంగ్లీషు వాళ్లు ఏళ్ల తరబడి తిట్టుకునేది దీన్నే. నేనొక కొండగుర్తు పెట్టుకున్నాను. తెలుగులో క్రియే లేకుండా చెప్పేవి సేర్. ఆమె నర్సు, ఆయన మా అన్నయ్య. 'ఉంది, ఉన్నాడు' అని చెప్పేవి ఎస్తార్. ఆమె ఇంట్లో ఉంది, నేను అలసిపోయి ఉన్నాను. నూటికి నూరుపాళ్లు కుదరదు, కానీ కౌంటర్ దగ్గర చాలావరకు గట్టెక్కిస్తుంది. మా కొత్త టెక్నీషియన్‌కు గొప్పగా చెప్పాను కూడా.

పరీక్ష ఇంకా పాసవకముందే, 2020 జూలైలో మా రియో గ్రాండే లోయను కరోనా ముంచేసింది. ఆసుపత్రులు నిండిపోయాయి, శవాల కోసం శీతల ట్రక్కులు తెప్పించారు. నెలాఖరులో హానా తుపాను వచ్చి వీధుల్లో నీళ్లు నిలిచాయి. తీసుకెళ్లని మందులు అరల్లో పేరుకుపోతుంటే ఒక్కొక్కరికే ఫోన్ చేస్తున్నాం. మందు సిద్ధంగా ఉంది, ఎప్పుడొస్తారు? అంతే. ఆ రెండు ముక్కలకు దుభాషి అక్కర్లేదు, నాకు కంఠతా వచ్చు.

జాబితాలో ఆయన పేరు వచ్చింది. పదకొండు మాత్రలాయన. రెండేళ్లుగా వస్తూనే ఉన్నారు. నేను కనబడితే దూరం నుంచే ఒక వేలు ఎత్తేవారు, నేనూ ఎత్తేదాన్ని. ఫోన్ భార్య ఎత్తింది. ఆయన ఉన్నారా, మందు సిద్ధంగా ఉంది అన్నాను.

"యా నో ఎస్తా" అంది.

ఇప్పుడు లేరు, బయటికెళ్లారు కాబోలు అనుకున్నాను. పాఠంలో నేర్చుకున్న తర్వాతి ప్రశ్న తడబడకుండా, క్రియ తప్పు లేకుండా అడిగాను: "ఎన్నింటికి వస్తారు?"

ఆవిడ ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దంలో నాకు అది తెలుగులో వినబడింది. యా నో ఎస్తా. ఇక లేరు.

తర్వాత ఆవిడ చాలాసేపు మాట్లాడింది. సగం అర్థమైంది. ఆసుపత్రి, తలుపు దగ్గరే ఆపేశారు, ఫోన్‌లో చూపించారు, కొడుకు హ్యూస్టన్ నుంచి రాలేకపోయాడు. మిగతా సగానికి మళ్లీ చెప్పమని అడగలేదు. డ్రైవ్‌త్రూలో కార్లు హారన్ కొడుతున్నాయి. చివర్న, ఇంట్లో మిగిలిన మాత్రలు వెనక్కి తీసుకుంటారా అంది. వాడిన సీసాలు మేం తీసుకోకూడదు. ఆ మాట స్పానిష్‌లో ఎలా చెప్పాలో నాకు తెలుసు. తీసుకురండి అన్నాను.

ఫోన్ పెట్టేసి ఆయన ఫైలు తెరిచాను. మొదటి రోజు ఆ ఒక్క సీసా లేబుల్ స్పానిష్‌లోకి మార్చి ఇచ్చాను. ఫైలు కూడా మార్చాననే ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. భాష అన్న గడిలో ఇంకా ఇంగ్లీషు అనే ఉంది.